పంది రక్తంలో ఈ ఏటి రాత

జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అనే మెదడువాపు జ్వరం పిల్లలకు వస్తుంటే పందుల రక్తం ఎందుకు పరీక్షిస్తారని ఒక పాఠకుడు అడిగారు. అడగవలసిన ప్రశ్నే. మన చదువుల్లో ఏ దోమ ఏ జబ్బు తెస్తుందో బట్టీ పట్టిస్తారు గానీ, ఆ దోమకు వైరస్ ఎక్కడ దొరికిందని పరీక్షలో ఎవరూ అడగరు.

వరిమడుల్లో పెరిగే క్యూలెక్స్ దోమలకు ఈ వైరస్ కొంగల నుంచీ పందుల నుంచీ అందుతుంది. మనిషి రక్తంలోనూ పశువుల రక్తంలోనూ దోమకు తిరిగి అంటుకునేంతగా అది పెరగదు. పైగా వైరస్ సోకినవారిలో నూటికి ఒక్కరికైనా మెదడువాపు రాదు కనుక, ఆసుపత్రిలో తొలి కేసు కనబడేసరికే అది ఊరంతా తిరిగి ఉంటుంది. పోనీ పందిలోనే వైరస్‌ను పట్టుకుందామంటే, దాని రక్తంలో కొద్ది రోజులకు మించి నిలవదు. ఆ తరువాత మిగిలే ఆధారం, వైరస్‌ను ఎదుర్కోవడానికి ఒంట్లో పుట్టే యాంటీబాడీలే.

జపాన్ 1965 నుంచి కబేళాలకు వచ్చే పందుల రక్తాన్ని ఏటా పరీక్షిస్తోంది. వాటి వయసు సుమారు 5 నుంచి 8 నెలలు. తల్లి నుంచి వచ్చిన యాంటీబాడీలు అప్పటికి తరిగిపోతాయి కాబట్టి ఆ పంది తుడిచిన పలక వంటిది. దాని మీద ఏదైనా కనబడితే అది ఈ ఏడు రాసినదే. ముసలి పంది పలక మీద ఏళ్ళ తరబడి రాతలు ఒకదానిపై ఒకటి పడి ఉంటాయి. మనిషి పలక ఇంకా గజిబిజి, ఎందుకంటే దాని మీద టీకా కూడా రాస్తుంది. కొంగ పలక దొరికినా, ఏ చెరువు దగ్గర రాశారో తెలియదు.

రాత ఎంత తాజాదో చెప్పే పద్ధతి మరీ ముచ్చటైనది. ఈ వైరస్ పెద్దబాతు ఎర్రరక్తకణాలను గుత్తులుగా అంటిస్తుంది, యాంటీబాడీ దాన్ని అడ్డుకుంటుంది. రక్తం గడ్డకట్టాక తేరే సీరమ్ అనే ద్రవాన్ని ఎంత పలచన చేసేవరకు అడ్డుకోగలిగితే అంత దాని టైటర్. సోకిన తొలి దశలో పుట్టే ఐజీఎం అనే రకం యాంటీబాడీ, గంధకపు బంధాలతో 5 భాగాలు కూడిన అణువు. 2-మెర్‌కాప్టోఇథనాల్ కలిపితే ఆ బంధాలు తెగి అది నిర్వీర్యమవుతుంది, తరువాత వచ్చే ఐజీజీ రకం మాత్రం తట్టుకుంటుంది. కనుక ఆ రసాయనం కలిపాక టైటర్ 8 రెట్లో అంతకు మించో పడిపోతే, వైరస్ ఈమధ్యనే అక్కడ తిరిగిందని అర్థం.

ఆస్ట్రేలియాలో దోమల వల్లే వచ్చే మరో మెదడువాపు వైరస్, ముర్రే వ్యాలీ వైరస్ కోసం కోళ్ళను కాపలా పెట్టి, వాటి రక్తం పరీక్షిస్తారు. 2022లో అక్కడి దక్షిణ ప్రాంతాల్లో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ బయటపడినప్పుడు మాత్రం జాడ చెప్పినవి పందుల ఫారాలే: చూడి పందులకు చచ్చిన పిల్లలు, ఎండి ముడుచుకుపోయిన పిల్లలు పుట్టాయి.

భారతదేశంలో ఈ జబ్బు తొలి కేసులు 1955లో వెల్లూరు ప్రాంతంలో, అంటే చిత్తూరుకు పక్కనే, గుర్తించారు. మన ఊళ్ళలో జ్వరాలు రాగానే పందులను తరిమెయ్యమంటారు. ఇళ్ళకు దూరంగా ఉంచడం మంచిదే, అయితే వీధిలో తిరిగే పంది వయసు పెంచినవారికి తప్ప ఎవరికీ తెలియదు, వయసు తెలియకపోతే పలక చదవలేము. దీనికి దగ్గరి చుట్టమైన వెస్ట్ నైల్ వైరస్ యాంటీబాడీలు కూడా ఇదే పరీక్షలో పలుకుతాయి కాబట్టి, ఆ రెండూ తిరిగే చోట న్యూట్రలైజేషన్ పరీక్ష కూడా చేసి, ఏ వైరస్‌ను ఆ సీరమ్ ఎక్కువగా అణచివేస్తుందో పోల్చి చూడాలి.