టిక్కీలో ఏముందో కాటాకి ఎందుకు?

పిల్లలూ,

మొన్న ఫోన్లో చిన్నది అడిగింది, "తాతయ్యా, కంప్యూటర్ ప్రోగ్రాములో క్లాసు కింద ఇంకో క్లాసు ఎందుకు, దేనికది విడిగా రాసుకుంటే పోలా?" అని. క్లాసు అంటే ఒక రకం వస్తువుకి ఏమేం ఉంటాయో, అది ఏం చేస్తుందో ప్రోగ్రాములో ఒకచోట రాసిపెట్టుకోవడం. అప్పటికి ఏదో చెప్పాను గానీ నాకే తృప్తిగా లేదు.

మన గుంటూరు మిర్చి యార్డు చూశారుగా. తేజ, బాడిగ, 334, 341... రంగు వేరు, ఘాటు వేరు, ధర వేరు. కానీ తూకం, కమీషన్, హమాలీ కూలి అన్నిటికీ ఒకటే. వాటిని 'మిరప' అనే పై క్లాసులో, కింది రకాలన్నిటికీ వర్తించేలా ఒక్కసారి రాసి, తేజకి మాత్రమే ఉన్న సంగతి తేజలో రాస్తాం. విడిగా రాస్తే ఏమవుతుందో నాకు చిన్నప్పుడే తెలిసింది. మా నాన్న కమీషన్ కొట్లో గుమాస్తా. వేసవి సెలవుల్లో లెక్కలు నాకు అప్పజెప్పాడు, నేను రకానికో పుస్తకం పెట్టి ప్రతిదాని మొదటి పేజీలో హమాలీ కూలి రాసుకున్నాను. కూలి పెరిగింది. అన్నిట్లో దిద్ది ఒక పుస్తకం మర్చిపోయాను, రెండు వారాలు ఆ రకం టిక్కీలు, అంటే మిరప బస్తాలు, మోసినవాళ్లకి పాత కూలే ఇచ్చాం. నాన్న తిట్టలేదు, మేస్త్రీ ఇంటికి తీసుకెళ్లి బాకీ నా చేత్తోనే ఇప్పించాడు. ఒకే మాట పది చోట్ల రాస్తే ఎక్కడో ఒకచోట ఎవరికో అన్యాయం జరుగుతుంది నాన్నా.

ఇంకోటి గమనించండి. ఉట్టి 'మిరప' అనే టిక్కీ యార్డుకి రాదు, ఏదో ఒక రకంగానే వస్తుంది. అబ్‌స్ట్రాక్ట్ క్లాసు అంటే అదే. కాటా కూడా లోపల తేజా బాడిగా అని అడగదు, బరువు తెలిస్తే చాలు దానికి. అందుకే రేపు కొత్త రకం వచ్చినా కాటా మార్చక్కర్లేదు. నార్వేలో డాల్, నైగార్డ్ అనే ఇద్దరు బయట జరిగే పనుల్ని కంప్యూటర్లో నడిపి చూడాలనుకుని, 1967లో సిములా భాషలోకి ఈ క్లాసుల్ని తెచ్చారు. ఎక్కడి నార్వే, ఎక్కడి మన యార్డు, నాకిప్పటికీ ఆశ్చర్యమే!

అసలు కష్టం పై క్లాసులో ఏం రాయాలన్నది. 'కొరికితే మండుతుంది' అని మిరపలో రాసేయాలనిపిస్తుంది, మన ఊరి వాళ్లకి మరీను. రేపు రైతుబజారుకెళ్లి ఒక బెంగళూరు మిర్చి కొనండి. అదీ మన ఎండు మిరపా ఒకే జాతి, క్యాప్సికం ఆన్యువమ్. ముక్క కోసి నమలండి. తర్వాత ఆ 'మండుతుంది' అన్న మాట ఏ క్లాసులో పెట్టారో నాకు రాయండి.

మీ తాతయ్య