చూడకుండా వేసిన వెనకడుగులు

పిల్లలూ,

మీరు ఫోన్‌లో పంపిన రే ఆలెన్ బాస్కెట్‌బాల్ వీడియో చూశాను. చిన్నోడు అడిగింది కూడా విన్నాను. "తాతయ్యా, ఆయన వెనక్కి తిరిగి చూడనే లేదు కదా, గీత ఎక్కడుందో ఎలా తెలిసింది?" అని. ఆ వీడియో చూసేవాళ్ళందరూ బంతిని చూస్తారు. వీడేమో పాదాలు చూశాడు. అలాంటి ప్రశ్నకి ఫోన్‌లో రెండు ముక్కల్లో జవాబు చెప్పాలనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం.

బుజ్జికి ఈ ఆట అంతగా తెలియదు కాబట్టి ముందు అక్కడ ఏం జరిగిందో చెబుతాను. అది 2013 జూన్ 18. అమెరికాలోని మయామీలో ఎన్‌బీఏ అనే బాస్కెట్‌బాల్ లీగ్ ఫైనల్స్ ఆరో మ్యాచ్. ఏడింటిలో ముందుగా నాలుగు గెలిచినవాళ్ళదే కప్పు. శాన్ ఆంటోనియో స్పర్స్ అప్పటికే మూడు గెలిచింది, మయామీ హీట్ రెండే. ఇంకా 28 సెకన్ల ఆట ఉందనగా స్పర్స్ ఐదు పాయింట్లు ముందుంది. ఇక అయిపోయిందనే అనుకున్నారు అందరూ. కప్పు ఇచ్చేటప్పుడు జనం మీద పడకుండా కోర్టు చుట్టూ పసుప్పచ్చ తాడు కూడా తెచ్చి పెట్టారు. మయామీ అభిమానులు కొందరైతే లేచి ఇంటిదారి పట్టారు. తర్వాత లోపల అరుపులు విని వెనక్కి పరిగెత్తుకొస్తే తలుపు దగ్గర ఆపేశారట, పాపం!

ఆ కాసేపట్లో మయామీ ఆటగాడు లెబ్రాన్ జేమ్స్ ఒక మూడు పాయింట్ల షాట్, అంటే రింగుకి దూరంగా గీసిన గీత బయటి నుంచి వేసే షాట్, వేశాడు. స్పర్స్‌కి ఫ్రీ త్రోతో, అంటే ఎవరూ అడ్డు రాకుండా వేయనిచ్చే షాట్‌తో, ఒక పాయింట్ వచ్చింది. తేడా మూడు. జేమ్స్ మళ్ళీ వేశాడు, ఈసారి బంతి రింగుకి తగిలి బయటికొచ్చేసింది. అతని జట్టువాడే క్రిస్ బాష్ ఎగిరి దాన్ని పట్టుకున్నాడు. సరిగ్గా అప్పుడు రింగు దగ్గరే ఉన్న ఇంకో మయామీ ఆటగాడు రే ఆలెన్ బాష్‌ని చూస్తూనే గబగబా వెనక్కి నడుచుకుంటూ కుడివైపు మూలకి వెళ్ళిపోయాడు. బంతి అందడం, ఎగరడం, వేయడం అన్నీ ఒక్క క్షణంలో అయిపోయాయి. బంతి వలలో పడేసరికి 5.2 సెకన్లు మిగిలి ఉన్నాయి. స్కోరు 95-95. అదనపు సమయంలో మయామీ 103-100తో గెలిచింది. ఆఖరి మ్యాచ్ కూడా గెలిచి కప్పు తీసుకుంది. ఆలెన్ వయసు అప్పటికి 37. ఆ ఆటలో అది ముసలితనం కిందే లెక్క.

ఆ మూల ఎంత ఇరుకో తెలుసా? అక్కడ మూడు పాయింట్ల గీత రింగుకి 22 అడుగుల దూరంలో ఉంటుంది. ఆ గీతకీ కోర్టు అంచుకీ మధ్య ఉన్న చోటు మూడంటే మూడు అడుగులు. ముందు గీతని బూటు తొక్కితే రెండు పాయింట్లే వస్తాయి. అంచు తొక్కితే బంతి అవతలివాళ్ళకి పోతుంది. ఆరడుగులు దాటిన మనిషి, ముందుకి చూస్తూ వెనక్కి నడిచి, అంత చిన్న చోట రెండు పాదాలూ సరిగ్గా ఆనించాలి. ఇదీ చిన్నోడికొచ్చిన సందేహం.

రాత్రిపూట కరెంటు పోయిందనుకోండి. ఇంటికొచ్చిన చుట్టం మంచం దిగడు. ఇంట్లోవాళ్ళు మాత్రం లేచి వెళ్ళి దీపం తెస్తారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఆ పని మా నాయనమ్మది. నేను ఆవిడ కొంగు పట్టుకుని వెనకాలే వెళ్ళేవాణ్ణి. ఆవిడ గోడ తడిమేది కాదు, చేతులు ముందుకు చాపేది కాదు. గడప దగ్గరికి రాగానే కాలు దానంతటదే కాస్త ఎత్తుగా లేచేది. ఆ కాలు లేవగానే కొంగు పట్టుకున్న నేనూ నా కాలు లేపేవాణ్ణి. ఒకరోజు పట్టపగలు, ఆవిడ తీరిగ్గా కూర్చుని ఉన్నప్పుడు, "నాయనమ్మా, మంచం దగ్గర్నుంచి గడపకి ఎన్ని అడుగులు?" అని అడిగాను. చాలాసేపు ఆలోచించింది. చివరికి, "నడిస్తే తెలుస్తుందిరా, కూర్చోబెట్టి అడిగితే నాకేం తెలుసు?" అని కసిరింది. ఆ తర్వాత కొన్నాళ్ళు నేను కళ్ళు మూసుకుని ఇల్లంతా తిరిగే ఆట మొదలుపెట్టాను. మా అన్నయ్య చప్పుడు కాకుండా స్టూలు తెచ్చి దారిలో పెట్టేవాడు. ఆ రోజుల్లో నా మోకాళ్ళు చూస్తే మీకు జాలేసేది.

ఆలెన్‌కి ఆ మూల మా నాయనమ్మకి గడపలాంటిది. కాకపోతే మా నాయనమ్మ కావాలని నేర్చుకోలేదు, ఉండగా ఉండగా వచ్చేసింది. ఈయన మాత్రం కరెంటు ఉండగానే దీపాలార్పి నడక నేర్చుకున్న మనిషి. అంతకుముందు మిల్వాకీ బక్స్ అనే జట్టుకి ఆడే రోజుల్లోనే ఒక వింత సాధన పెట్టుకున్నాడు. రింగు ముందు నేల మీద పడుకునేవాడు. ఒక్కసారిగా లేచి, వెనక్కి నడుస్తూ మూలకి పోయేవాడు. కోచ్ బంతి విసిరితే గీతా అంచూ తొక్కకుండా షాట్ వేయాలి. చూసేవాళ్ళకి పిచ్చిపనిలాగే ఉండి ఉంటుంది. మ్యాచ్‌లో ఎవడైనా నేల మీద పడుకుంటాడా! ఎన్నో ఏళ్ళ తర్వాత మయామీలో అవసరమైంది మాత్రం అచ్చంగా ఆ అడుగులే.

గడప సంగతి ఇంకొంచెం ఉంది, వినండి. ఆలెన్ తండ్రిది వైమానిక దళంలో ఉద్యోగం. అందుకని చిన్నతనమంతా కాలిఫోర్నియా, ఇంగ్లండ్, జర్మనీ అంటూ ఇళ్ళు మారుతూనే ఉన్నాడు. పాపం, ఏ ఇంటి గడపా కాళ్ళకి అలవాటయ్యేంత కాలం ఉండి ఉండదు. రింగు ఎత్తు మాత్రం ఎక్కడికెళ్ళినా పది అడుగులే. ఇంకో విచిత్రం. 1996లో ఆయన ఎన్‌బీఏలోకి వచ్చేనాటికి మూడు పాయింట్ల గీత చుట్టూతా 22 అడుగుల దూరంలోనే ఉండేది. మరుసటి ఏడాది దాన్ని జరిపి, ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు చేశారు. ఇల్లంతా సర్దేశారన్నమాట! మూలలో గీతని మాత్రం కదపలేదు. ఆయన ఆడిన 18 సీజన్లూ ఆ గడప ఒక్కటీ ఉన్నచోటే ఉంది.

దేవుడు నీకు గొప్ప షాట్ వరంగా ఇచ్చాడని ఎవరైనా అంటే ఆలెన్‌కి ఒళ్ళు మండేదట. నేను రోజూ పడ్డ కష్టాన్ని తీసిపారేయకండి అనేవాడు. మ్యాచ్‌కి మూడు గంటల ముందే కోర్టుకి వచ్చి ఒంటరిగా షాట్లు వేసుకునే మనిషికి ఆ మాత్రం కోపం రావడం న్యాయమే. మీ పరీక్షల్లో మంచి మార్కులొస్తే, వాడికేం, పుట్టుకతోనే తెలివి అని నేను కూడా అనేస్తుంటాను. ఇకమీదట అనను.

రికార్డుల గురించి ఎక్కువ చెప్పను, మీరే ఫోన్‌లో చూసుకోగలరు. ఒకటి మాత్రం నాకు బాగా నచ్చింది. రెజీ మిల్లర్ అనే పాత ఆటగాడి పేరు మీద ఉన్న, ఆడినన్నాళ్ళలో మొత్తం 2,560 మూడు పాయింట్ల షాట్ల రికార్డుని 2011 ఫిబ్రవరిలో ఆలెన్ దాటినప్పుడు, మిల్లర్ అదే మ్యాచ్‌కి కామెంటరీ చెబుతున్నాడు. 2,973 దగ్గర ఆగిన ఆలెన్ లెక్కని 2021 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో తర్వాతి తరం ఆటగాడు స్టీఫెన్ కరీ దాటినప్పుడు, మిల్లర్, ఆలెన్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. కరీ ఇద్దర్నీ కౌగిలించుకున్నాడు.

అంత చేసిన ఆలెన్‌కి కూడా దూరం నుంచి పది వేస్తే నాలుగే పడేవి. ఆరు పోయేవి. ఇక్కడ మా నాయనమ్మ నాకేమీ సాయం చేయడం లేదు. ఆవిడ గడప తట్టుకోవడం నేనెప్పుడూ చూడలేదు మరి. 2010 ఫైనల్స్‌లో ఆలెన్ బోస్టన్ సెల్టిక్స్‌కి ఆడుతున్నాడు. జూన్ 6న లాస్ ఏంజెలిస్‌లో లేకర్స్ జట్టు మీద ఎనిమిది మూడు పాయింట్ల షాట్లు వేశాడు. అప్పటికి ఫైనల్స్‌లో ఎవరూ ఒకే మ్యాచ్‌లో అన్ని వేయలేదు. రెండు రోజుల తర్వాత బోస్టన్‌లో, సొంత జనం ముందు, పదమూడుసార్లు బంతి వేస్తే ఒక్కటీ పడలేదు. పదమూడుకి సున్నా! అవే చేతులు, అదే పది అడుగుల ఎత్తు. మధ్యలో గడిచింది రెండు రాత్రులు.

ఎందుకలా అయిందని చిన్నోడు మళ్ళీ అడుగుతాడని తెలుసు. నేను చెప్పలేను. అలసట అనొచ్చు, టెన్షన్ అనొచ్చు, ఎదుటివాడు గట్టిగా అడ్డుకున్నాడనొచ్చు. ఏది చెప్పినా పదమూడుకి సరిపోదు. నాకు ఆశ్చర్యమనిపించేది వేరే. తొమ్మిది పోయాక కూడా పదోది వేశాడు, పన్నెండు పోయాక పదమూడోది వేశాడు. నేనైతే బంతి నా వైపు రాకుండా ఎవరి వెనకాలైనా దాక్కునేవాణ్ణి.

ఈసారి టీవీలో మ్యాచ్ వచ్చినప్పుడు మీరిద్దరూ ఒక పని చేయండి. వరసగా మూడు నాలుగు షాట్లు పోగొట్టుకున్న ఆటగాణ్ణి ఒకణ్ణి ఎంచుకోండి. ఆ తర్వాత బంతి ఎక్కడున్నా సరే, మీరు అతన్నే చూడండి. మళ్ళీ తన చోటికే పరిగెడుతున్నాడా? చేతులు ముందే ఎత్తి బంతి కోసం సిద్ధంగా పెట్టుకుంటున్నాడా? లేక బంతి అందగానే వేడి వస్తువేదో తగిలినట్టు పక్కవాడికి ఇచ్చేస్తున్నాడా? బుజ్జి చేతులు చూడాలి, చిన్నోడు ఎలాగూ పాదాలే చూస్తాడు. చూసింది చూసినట్టు నాకు రాయండి. ఫోన్‌లో చెబితే నాకు సగం వినపడదు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య