మ్యాపులిచ్చే పనేగా? గ్రాండ్ కాన్యన్ ఇంటర్న్‌షిప్ మీద అపోహలు - వాస్తవాలు

అమెరికాలోని గ్రాండ్ కాన్యన్ లోయ దక్షిణపు గట్టు (సౌత్ రిమ్) మీద రెండు వేసవులు విజిటర్ సర్వీసెస్ ఇంటర్న్‌గా, అంటే చూడటానికి వచ్చేవాళ్లకి సాయం చేసే పనిలో ఉన్నాను. దరఖాస్తు చేద్దామనుకునే పిల్లలు ఫోన్లో అడిగేవీ, కౌంటర్ దగ్గరికొచ్చిన మన తెలుగువాళ్లు అనేవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: మ్యాపు చేతికిచ్చి బాత్‌రూమ్ ఎటో చూపిస్తే అయిపోతుంది.

అదీ చేస్తాం, రోజంతా. కానీ అసలు పని ఎదుటి మనిషిని చూసి జవాబు చెప్పడం. ఒకరోజు పొద్దున పదిన్నరకి ఒక అంకుల్ వచ్చి, "నది దాకా వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుందమ్మా?" అన్నారు. కాళ్లకి చెప్పులు, చేతిలో చిన్న నీళ్ల సీసా. గంటల లెక్క చెప్పి పంపేస్తే ఆయన నిజంగానే బయల్దేరతారు.

అందుకే తిరుమల మెట్లదారి గుర్తుచేశాను. అక్కడ అలసిపోతే వెనక్కి తిరిగితే చాలు, దిగుడే. ఇక్కడ దిగుడు ముందు, ఎక్కుడు తర్వాత. ఒంట్లో ఓపిక అయిపోయేసరికి కొండంతా తల మీద ఉంటుంది. బ్రైట్ ఏంజెల్ అనే కాలిదారిలో లోయ అడుగునున్న కొలరాడో నది 12 కిలోమీటర్ల పైమాటే, సుమారు 4,400 అడుగుల దిగుడు. పైన గట్టు మీద చల్లగాలి వీస్తున్నా, లోయ అడుగున వేసవిలో 40 డిగ్రీలు దాటుతుంది. ఒక్కరోజులో నదికి వెళ్లి తిరిగి రావద్దని పార్కు చెప్పేది అందుకే. 1997 నుంచి ఒక ప్రత్యేక బృందం దారుల్లో తిరుగుతూ, ప్రమాదం జరగకముందే జనాన్ని ఆపే పని చేస్తోంది. మా కౌంటర్ దానికి ముందు మెట్టు అనుకుంటాను.

అంకుల్ ముఖం చిన్నబోయింది. అంత దూరం నుంచి వచ్చిన మనిషికి "వద్దు" అన్న ఒక్క మాట చెప్పి పంపకూడదు. మర్నాడు తెల్లారకముందే షటిల్ ఎక్కి, బూట్లేసుకుని, సౌత్ కైబాబ్ దారిలో ఊ-ఆ పాయింట్ దాకా నడవమన్నాను. ఒకవైపు ఒకటిన్నర కిలోమీటరు. ఆ దారిలో ఎక్కడా నీళ్లుండవు, పైనే నింపుకోవాలి.

అపోహ: నీళ్లు ఎన్ని తాగితే అంత మంచిది.

ఎండలో చెమటతో ఉప్పు పోతుంటే, ఉత్త నీళ్లే తాగుతూ పోయినవాళ్లకి రక్తంలో సోడియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. నీళ్లతోపాటు ఉప్పగా ఏదైనా తినాలి. ఇది ఇంగ్లిష్‌లో చెప్పడానికి చాలా వివరించాల్సి వచ్చేది. తెలుగువాళ్లకి "ఎండలో ఉప్పేసిన మజ్జిగ ఎందుకిస్తారు?" అంటే చాలు.

అపోహ: ఉడతకి నాలుగు పల్లీలు వేస్తే పుణ్యం.

ఇక్కడి ఉడతలు కరుస్తాయి, ఆ గాయాలు మామూలే. తిండి పెట్టడం నేరం కూడా. మనుషుల చేతి తిండికి అలవాటుపడ్డ జంతువు సొంతంగా వెతుక్కోవడం తగ్గిస్తుంది. పెద్దవాళ్లకి జరిమానా సంగతి కన్నా ఈ మాటే ఎక్కుతుంది.

అపోహ: ఇంటర్న్ అంటే చిన్న రేంజర్.

కాదు. పార్కు అధికారులైన రేంజర్ల టోపీ, బ్యాడ్జి మాకుండవు. ఎవరైనా డ్రోన్ ఎగరేస్తే నిషేధమని మర్యాదగా చెబుతాం, వినకపోతే రేడియోలో రేంజర్‌కి చెబుతాం. అంతకుమించి అడుగు వేయకూడదు.

అపోహ: లోపల విష్ణు, శివుడి గుడులున్నాయి.

మ్యాపులో 'విష్ణు టెంపుల్', 'శివ టెంపుల్' చూసి, ఎన్నింటికి తెరుస్తారని ఒక ఆంటీ ఎంతో ఆశగా అడిగారు. అవి గుడులు కావు, రాతి శిఖరాలు. 1880ల్లో ఇక్కడ సర్వే చేసిన భూగర్భ శాస్త్రవేత్త క్లారెన్స్ డటన్ పెట్టిన పేర్లవి. లోయ అడుగున 170 కోట్ల ఏళ్ల నాటి నల్లరాయికీ విష్ణు పేరే ఉంది. కానీ ఈ లోయని తరతరాలుగా పవిత్రంగా చూసుకుంటున్నది ఇక్కడి ఆదివాసులు. ఈ నేలతో బంధమున్న తెగలు 11. అందులో ఒక తెగైన హవాసుపాయ్ ప్రజల్ని ఒకప్పుడు లోయలోని వాళ్ల తోటల నుంచి వెళ్లగొట్టారు. 2022లో ఆ చోటుకి 'హవాసుపాయ్ గార్డెన్స్' అని పేరు మార్చారు. ఇదంతా తెలుగులో చెబితే ఆంటీ చాలాసేపు నిలబడి విన్నారు. "మరి వాళ్లు ఇప్పుడెక్కడున్నారమ్మా?" అని అడిగారు. లోయ పక్కపాయలో, సుపాయ్ ఊళ్లో ఉన్నారని చెప్పాను. నా రెండు వేసవుల్లో నాకు ఎక్కువ గుర్తున్న ప్రశ్న అది.

అపోహ: ఇది జీతమొచ్చే విహారయాత్ర.

చేతికొచ్చేది స్టైపెండ్, చాలాచోట్ల ఉండటానికి గది ఇస్తారు. శని, ఆదివారాలే జనం ఎక్కువ కాబట్టి అప్పుడు డ్యూటీ తప్పదు. చాలా ఇంటర్న్‌షిప్పులకి అమెరికా పౌరసత్వమో గ్రీన్‌కార్డో అడుగుతారు, ప్రకటనలో ముందు అదే చూసుకోండి. వేసవి పనులకి దరఖాస్తులు తరచు చలికాలంలోనే మొదలవుతాయి.

చేరాక మొదటి సెలవు రోజున పడుకోకండి. తెల్లవారుజామున లేచి, ఉప్పూ నీళ్లూ కట్టుకుని ఒక దారిలో కొంత దిగి ఎక్కి రండి. కౌంటర్ దగ్గర ప్రతివాళ్లూ "నువ్వు నడిచావా?" అని అడుగుతారు.