చీమ తలకాయంత అక్షరాలు: తప్పు ల్యాప్‌టాప్‌దా, సర్వర్‌దా?

జీఎస్టీ గడువు తేదీలు 11, 20 దగ్గర పడ్డాయంటే తిరుపతి ఆడిటర్ ఆఫీసుల్లో ఈ పంచాయితీ మళ్లీ లేస్తుంది. ఖరీదు పెట్టి కొత్త ల్యాప్‌టాప్‌లు తెస్తారు. తీరా రిమోట్ డెస్క్‌టాప్‌లో, అంటే సర్వర్ తెరను ల్యాప్‌టాప్‌లో చూపే ప్రోగ్రామ్‌లో, సర్వర్‌కి కనెక్ట్ అయితే అక్షరం ఆనదు. సర్వర్ మార్చమని స్టాఫ్ అడుగుతారు, రిజల్యూషన్ తగ్గించుకోమని వెండర్ అంటాడు.

విండోస్ మెనూల్లో మామూలు అక్షరం కొలత 9 పాయింట్లు, అంటే 12 పిక్సెళ్లు. అంగుళానికి 96 పిక్సెళ్లుండే పాత మానిటర్ మీద అది 3 మిల్లీమీటర్ల పైచిలుకు. 14 అంగుళాల 2880×1800 స్క్రీన్ మీద అంగుళానికి 240కి పైగా పిక్సెళ్లుంటాయి కాబట్టి అదే అక్షరం 1.3 మిల్లీమీటర్లకు దిగిపోతుంది. ఆ సైజులో 15 అక్షరాల జీఎస్టీ నంబరు చదవాలి. 8కీ బీకీ తేడా తెలీదు. చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల లెక్కలైతే మరీ టెన్షన్: నంబరు మొదట్లో ఉండే రాష్ట్రం కోడ్ తమిళనాడుకి 33, మనకి 37. అది తప్పు చదివితే వేరే రాష్ట్రంతో వ్యాపారానికి ఐజీఎస్టీ పడాల్సిన చోట, సొంత రాష్ట్రంలో వ్యాపారానికి పడే సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ పడతాయి.

అసలు మలుపు 2013 అక్టోబర్. విండోస్ 8.1, సర్వర్లలో వాడే విండోస్ సర్వర్ 2012 ఆర్2 అప్పుడే వచ్చాయి. కనెక్ట్ అయ్యేటప్పుడు ల్యాప్‌టాప్ తన స్కేలింగ్ (అక్షరాలు, బొమ్మలు ఎంత పెద్దవి చేయాలన్న లెక్క) 150 శాతమో 200 శాతమో చెబితే, సర్వర్ అదే కొలతలో సెషన్, అంటే మనం పనిచేసే తెర, తెరవడం వీటితోనే మొదలైంది. రెండు వైపులా ఆ తరంవో తర్వాతివో ఉంటేనే ఇది పనిచేస్తుంది. అంతకు ముందరి 2008 ఆర్2 సర్వర్‌కి ల్యాప్‌టాప్ ఏం చెప్పినా ఎక్కదు, విడిగా హాట్‌ఫిక్స్ (మైక్రోసాఫ్ట్ దిద్దుబాటు ఫైలు) వేస్తే తప్ప సెషన్‌లో స్కేలింగ్ మార్చే వీలే లేదు. పిక్సెళ్లు దట్టంగా ఉండే స్క్రీన్లు మాత్రం అంతకు ముందే, 2012 జూన్‌లో రెటీనా మ్యాక్‌బుక్ ప్రోతో మార్కెట్లోకి వచ్చేశాయి.

మధ్యలో చిట్కాలు చాలా పుట్టాయి. రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్ ఫైలు ఎమ్‌ఎస్‌టీఎస్‌సీ పక్కన మ్యానిఫెస్ట్ అనే చిన్న సెట్టింగుల ఫైలు పెట్టి, విండోస్ సెట్టింగులుండే రిజిస్ట్రీ మార్చడం అందులో ఒకటి. బొమ్మ సాగి అక్షరం పెద్దదవుతుంది, మసకబారుతుంది కూడా. విండోస్ 10లో ఫుల్ స్క్రీన్ తీసేసి టైటిల్ బార్ మీద రైట్ క్లిక్ చేస్తే జూమ్ దొరుకుతుంది. గడువు రోజు గట్టెక్కడానికి అది చాలు.

వెండర్ చెప్పిన రిజల్యూషన్ మందూ పనిచేస్తుంది, కాదనలేం. కాకపోతే రిజిస్టర్‌లో ఒకేసారి కనిపించే వరసలు తగ్గిపోతాయి, మంచి స్క్రీన్ కొన్నందుకు ఫలితం ఉండదు. ఆయన మాటల్లో ఇంకోటి మాత్రం ముమ్మాటికీ నిజం: ఆఫీసు మానిటర్ మీద తెరిచిన సెషన్‌ను డిస్‌కనెక్ట్ చేసి, రాత్రి ఇంట్లో ల్యాప్‌టాప్‌లో అందుకుంటే పాత ప్రోగ్రామ్‌లు పొద్దుటి కొలతలోనే ఉంటాయి. సైన్ అవుట్ చేసి మళ్లీ లాగిన్ అవ్వాల్సిందే.

2008 ఆర్2కి మామూలు సెక్యూరిటీ సపోర్ట్ 2020 జనవరి 14తో, 2012 ఆర్2కి 2023 అక్టోబర్ 10తో అయిపోయింది. క్లయింట్ల లెక్కలున్న సర్వర్‌ని అక్షరాల కోసం కాకపోయినా మార్చక తప్పదు. తేలనిదల్లా కొత్త లైసెన్సుల ఖర్చు ఎవరు పెట్టుకోవాలన్నదే. దాని మీద వెండర్ ఇంకా నోరు విప్పడం లేదు.