రెండో డోసుకు 12 వారాలు

2020 డిసెంబరు 8న ఇంగ్లాండులోని కోవెంట్రీలో 90 ఏళ్ల వృద్ధురాలికి ఫైజర్ కోవిడ్ టీకా వేశారు. ప్రయోగాల్లో పాల్గొన్నవాళ్లను పక్కనపెడితే, ప్రపంచంలో ఆ టీకా అందుకున్న తొలి వ్యక్తి ఆమే. రెండో డోసు 21 రోజులకు వెయ్యాలని నియమం. ప్రయోగాల్లో అలా వేస్తేనే 95 శాతం రక్షణ కనిపించింది. మూడు వారాలు తిరిగేసరికి, డిసెంబరు 30న, ఆ గడువును 12 వారాల దాకా పొడిగిస్తున్నట్టు బ్రిటన్ ప్రకటించింది.

ఆ చలికాలంలో బ్రిటన్ ప్రభుత్వం చేసిన చాలా పనులను నేను సమర్థించను. కొద్దికాలం కఠినమైన లాక్‌డౌన్ పెట్టమని శాస్త్ర సలహాదారులు సెప్టెంబరు 21నే సూచించినా, అది నవంబరు 5 దాకా అమలు కాలేదు. జనవరి 4న చాలాచోట్ల ప్రాథమిక పాఠశాలలు తెరిచి, మర్నాటి నుంచి మూసేయాలని ఆ సాయంత్రమే చెప్పారు. ఆ తాత్సారానికి మూల్యం ప్రాణాలతో చెల్లించాల్సి వచ్చింది. డోసుల విషయంలో మాత్రం వాళ్లు లెక్క సరిగ్గా వేశారు.

ఇంగ్లాండులోని కెంట్ ప్రాంతంలో బయటపడ్డ కొత్త వేరియంట్, తర్వాత ఆల్ఫా అని పేరు పెట్టింది దానికే, పాత రకాలకంటే చాలా వేగంగా పాకుతోంది. జనవరి మధ్యకల్లా బ్రిటన్ ఆసుపత్రుల్లో దాదాపు 39 వేల మంది కోవిడ్ రోగులున్నారు. మొదటి అల తారస్థాయిలో ఈ సంఖ్య 21 వేల పైచిలుకే. టీకాలేమో కొద్దికొద్దిగా వస్తున్నాయి. చేతిలో 200 డోసులున్నాయనుకోండి. వందమందికి రెండేసి వేస్తే 95 మందికి రక్షణ. రెండువందల మందికి ఒక్కొక్కటి వేస్తే, ఒక్క డోసు 70 శాతమే పనిచేసినా 140 మందికి రక్షణ.

మరి ఒక్క డోసు నిజంగా అంత పనిచేస్తుందా? ఫైజర్ ప్రయోగంలో రెండు డోసుల మధ్యకాలానికి వచ్చిన అంకె 52 శాతమే. కానీ అందులో టీకా వేసిన మొదటి రోజులు కూడా కలిసి ఉన్నాయి. శరీరం ఇంకా సిద్ధపడని రోజులవి. వాటిని తీసేసి 15వ రోజు నుంచి 21వ రోజు వరకే చూస్తే అది 89 శాతానికి చేరుతుందని బ్రిటన్ ప్రభుత్వానికి సలహాలిచ్చే టీకాల సంఘం తేల్చింది. అంకె ఒకటే చూసి ఆగిపోకుండా, దాన్ని ఏ రోజుల మీద లెక్కగట్టారో అడగడమే ఇక్కడ అసలు శాస్త్రం.

అభ్యంతరాలు తేలికైనవి కావు. 21 రోజుల తర్వాత రక్షణ నిలుస్తుందనడానికి తమ దగ్గర సమాచారం లేదని ఫైజర్ చెప్పింది. ఆరు వారాలు దాటొద్దని బ్రిటన్ వైద్యుల సంఘం కోరింది. జనవరిలో రెండో డోసుకు పిలుపందుకున్న పెద్దవాళ్లకు ఫోన్ చేసి వాయిదా పడిందని చెప్పే భారం స్థానిక వైద్యుల మీద పడింది.

రోగనిరోధక శాస్త్రం మాత్రం కొంత ధైర్యమిచ్చింది. మొదటి డోసు తర్వాత లింఫ్ గ్రంథుల్లో బి కణాలు (యాంటీబాడీలు తయారుచేసే తెల్ల రక్తకణాలు) వారాల తరబడి మారుతూ, వైరస్‌ను మరింత గట్టిగా పట్టుకోగల యాంటీబాడీలు తయారుచేసేవే మిగులుతాయి. ఆ పని సాగాక రెండో డోసు పడితే స్పందన బలంగా ఉంటుంది. హెపటైటిస్ బి టీకా చివరి డోసును ఆరో నెలలో వెయ్యడం ఎప్పటినుంచో ఉన్నదే. బ్రిటన్‌లో వాడిన మరో కోవిడ్ టీకా ఆక్స్‌ఫర్డ్‌ది. దాని ప్రయోగాల్లో కొందరికి రెండో డోసు ఆలస్యమైంది. ఆరు వారాలలోపు వేసినవాళ్లలో రక్షణ 55 శాతం ఉంటే, 12 వారాలు దాటినవాళ్లలో 81 శాతం. ఫైజర్ టీకా తీసుకున్న 80 ఏళ్లు దాటినవాళ్లలోనూ, 12 వారాల ఎడంతో యాంటీబాడీలు మూడున్నర రెట్లు ఎక్కువగా ఉన్నట్టు బర్మింగ్‌హామ్ పరిశోధకులు 2021 మేలో చూపించారు. అది నిర్ణయం తీసుకున్న నాలుగున్నర నెలలకు అందిన రుజువు.

ఫిబ్రవరి మధ్యకల్లా కోటిన్నర మందికి మొదటి డోసు అందింది. వృద్ధాశ్రమాల్లో ఉన్నవాళ్లు, 70 ఏళ్లు దాటినవాళ్లు, ఆరోగ్య సిబ్బంది ముందు వరసలో ఉన్నారు.

ఆ తర్వాత డెల్టా అనే మరో వేరియంట్ వచ్చింది. మే 14న ప్రభుత్వం 50 దాటినవాళ్లకు, జబ్బు ముప్పు ఎక్కువున్నవాళ్లకు ఎడాన్ని 8 వారాలకు తగ్గించింది. లక్షణాలతో వచ్చే డెల్టా జబ్బు మీద ఒక్క డోసు 33 శాతమే పనిచేస్తోందని, ఫైజర్ రెండు డోసులు పడితే 88 శాతమని వారం తర్వాత లెక్కలు వెలువడ్డాయి.