శిక్ష మీద అప్పీలు: ఆస్ట్రేలియాలో దారి ఎందుకింత ఇరుకు?

20వ శతాబ్దం మొదట్లో ఆస్ట్రేలియాలో పెద్ద నేరానికి జైలు పడితే, శిక్ష మరీ ఎక్కువైందని వాదించుకోవడానికి పైన ప్రత్యేకంగా కోర్టు ఉండేది కాదు. చట్టం విషయంలో సందేహం వస్తే జడ్జిలు దాన్ని చూసేవారు. శిక్ష తగ్గాలంటే మాత్రం గవర్నరుకు క్షమాభిక్ష అర్జీ పెట్టుకోవాల్సిందే.

మార్పుకు కారణం ఇంగ్లండులో జరిగిన ఒక ఘోరం. అడాల్ఫ్ బెక్ అనే ఆయన్ని వేరే మోసగాడిగా పొరబడి 1896లో జైలుకు పంపారు. 1904లో మళ్లీ అదే పొరపాటుతో దోషిగా తేల్చారు. అసలు మోసగాడు దొరికాక జనం మండిపడ్డారు. 1907లో అక్కడ క్రిమినల్ అప్పీలు చట్టం వచ్చింది. 1912లో న్యూ సౌత్ వేల్స్ దాదాపు అదే నమూనాలో చట్టం చేసుకుంది. మిగతా రాష్ట్రాల్లోనూ ఆ కాలంలోనే ఇలాంటి ఏర్పాట్లు జరిగాయి.

దారి తెరుచుకుంది గానీ, దాని వెడల్పు ఎంతో 1936లో హౌస్ కేసు తేల్చింది. దివాలా చట్టం కింద 3 నెలల జైలు పడిన హౌస్ అనే వ్యక్తి హైకోర్టుకు వెళ్లాడు. ఆస్ట్రేలియాలో అన్నిటికన్నా పై కోర్టు అదే. అప్పీలు వీగిపోయింది. "మేమైతే ఇంకో శిక్ష వేసేవాళ్లం" అనుకున్నంత మాత్రాన పై జడ్జిలు జోక్యం చేసుకోకూడదని కోర్టు చెప్పింది. జోక్యం చేసుకోవాలంటే కింది జడ్జి తప్పుడు సూత్రం పట్టుకొని ఉండాలి, లేదా చూడకూడనిది చూసి ఉండాలి, లేదా చూడాల్సింది వదిలేసి ఉండాలి, లేదా శిక్ష చూడగానే అన్యాయమని తెలిసేలా ఉండాలి. ఈనాటికీ లాయర్లు మొదట తీసేది ఈ తీర్పునే.

నన్ను ఎక్కువగా కదిలించేది మాత్రం పెర్సీ నీల్ కేసు. క్వీన్స్‌లాండ్‌లో కెయిర్న్స్ దగ్గరి యారబా ఆదివాసీ సమాజ మండలికి ఆయన ఛైర్మన్. అక్కడి స్టోర్ మేనేజరుతో గొడవపడి ఉమ్మినందుకు మేజిస్ట్రేటు 2 నెలల కఠిన శిక్ష వేశారు. ఎక్కువైందని నీల్ అప్పీలు చేస్తే, పై కోర్టు దాన్ని ఏకంగా 6 నెలలకు పెంచింది! 1982లో హైకోర్టు ఆ పెంపును కొట్టేసింది. ఆదివాసీల హక్కుల కోసం ఆందోళన చేసే హక్కు నీల్‌కు ఉందని జస్టిస్ మర్ఫీ తన తీర్పులో గట్టిగా రాశారు. శిక్ష పెంచే ఆలోచన ఉంటే ముందే హెచ్చరించి, అప్పీలు వెనక్కి తీసుకునే వీలు ఇవ్వాలన్న పద్ధతి ఆ తర్వాత స్థిరపడింది. మన దేశంలోనైతే దోషి వేసుకున్న అప్పీలులోనే శిక్ష పెంచడాన్ని చట్టమే అడ్డుకుంటుంది. హెచ్చరికతో సరిపెట్టడం కన్నా అదే మంచి రక్షణ అని నా నమ్మకం.

శిక్ష తక్కువైందని ప్రాసిక్యూషన్ కూడా అప్పీలు చేయొచ్చు. అయితే అది అరుదుగానే జరగాలని 1977 నాటి గ్రిఫిత్స్ తీర్పులో చీఫ్ జస్టిస్ బార్విక్ అన్నారు.

2014లో కెంట్‌వెల్ కేసు ఇంకో ముఖ్యమైన మాట చెప్పింది. కింది కోర్టు శిక్ష వేసిన తీరులో తప్పు ఉందని తేలితే, ఆ తప్పు వల్ల శిక్ష ఎంత పెరిగిందని లెక్కలు వేస్తూ కూర్చోకూడదు. పై జడ్జిలు కేసు మొత్తం తామే మళ్లీ తూకం వేసి, ఏ శిక్ష తగినదో స్వయంగా నిర్ణయించాలి. అలా చూశాక కూడా తక్కువ శిక్షకు వీల్లేదనిపిస్తే, పాత శిక్షే ఉండిపోతుంది.