ట్రయల్స్ బండిలో ఫ్లైవీల్ బరువు: అపోహలు - వాస్తవాలు

ట్రయల్స్ అంటే రాళ్లూ బండల మీద కాలు కింద పెట్టకుండా నెమ్మదిగా నడిపే బైక్ పోటీ. ఫ్లైవీల్ అంటే ఇంజిన్ ఇరుసుకు బిగించి, దానితోపాటే తిరిగే బరువైన చక్రం.

అపోహ: బరువైన ఫ్లైవీల్ వేస్తే పవర్ పెరుగుతుంది.

వాస్తవం: పిసరంత కూడా పెరగదు. ఫ్లైవీల్ శక్తిని పుట్టించదు, దాచిపెడుతుంది. రాళ్ల మీద నడక వేగంతో పోతూ రేజ్ పూర్తిగా తగ్గించినా ఇంజిన్ ఆఫ్ కాకుండా లాక్కొచ్చేది ఆ నిల్వే. రేజ్ ఇచ్చినప్పుడు ఇంజిన్ తాపీగా లేస్తుంది, అందుకే తడి బండ మీద వెనక టైరు గిర్రున తిరిగిపోదు. ఫోర్ స్ట్రోక్ సింగిల్ సిలిండర్ ఇంజిన్‌లో రెండు చుట్లకు ఒక్కసారే ఇంధనం మండుతుంది, కాబట్టి దానికి ఈ అవసరం మరీ ఎక్కువ. పాత బుల్లెట్ ఆ డుగ్‌డుగ్‌కి ఆగిపోకపోవడం వెనక బరువైన ఫ్లైవీలే ఉంది. ట్రయల్స్ రైడర్ జానీ బ్రిటన్ 1952లో, 1957లో స్కాటిష్ సిక్స్ డేస్ ట్రయల్ గెలిచింది 350 బుల్లెట్ మీదే.

అపోహ: ఫ్లైవీల్‌కి అదనంగా అరకిలో ఎక్కడ బిగించినా అరకిలోయే.

వాస్తవం: చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే. ఇరుసు నుంచి దూరం రెట్టింపైతే ప్రభావం నాలుగింతలు. 60 మి.మీ. దూరంలో ఉన్న 500 గ్రాముల రింగు (ఫ్లైవీల్‌కి బిగించే అదనపు బరువు) 2000 ఆర్‌పీఎం దగ్గర సుమారు 40 జౌల్స్ శక్తిని దాస్తుంది. బండీ మనిషీ కలిపి 140 కిలోలనుకుంటే, దాదాపు 3 సెం.మీ. పైకి ఎత్తేంత. అదే రింగు 30 మి.మీ. దగ్గరుంటే అందులో పావు వంతే.

అపోహ: పెద్ద బండ ఎక్కాలంటే తేలిక ఫ్లైవీలే కావాలి.

వాస్తవం: సగమే నిజం. క్లచ్ పట్టి 4000కి రేజ్ చేస్తే ఆ 40 జౌల్స్ కాస్తా 160 అవుతుంది. క్లచ్ టక్కున వదిలితే బరువైనదే గట్టిగా తంతుంది. కాకపోతే వెంటవెంటనే రెండు మెట్లుంటే, రెండోదానికి ఇంజిన్ అందుకునే టైమ్ చాలదు. రేజ్ మూసినా బండి కాస్త ముందుకే తోస్తుంది, ఇరుకు మలుపులో అది తెలుస్తుంది.

అపోహ: రింగు బిగించడం పది నిమిషాల పని.

వాస్తవం: ఫ్లైవీల్‌ని పుల్లర్ అనే పనిముట్టుతోనే లాగాలి. సుత్తి దెబ్బకు లోపలి అయస్కాంతాలు పగులుతాయి. టేపర్ (ఫ్లైవీల్ కూర్చునే, ఇరుసు సన్నబడే కొన) మీద నూనె చుక్క ఉండకూడదు. ఉంటే పట్టు జారి, కీ (ఫ్లైవీల్‌ని ఇరుసు మీద సరైన చోట నిలిపే చిన్న ముక్క) తెగి, ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే సమయం) తప్పుతుంది. స్క్రూలకు థ్రెడ్‌లాక్ (వదులు కాకుండా పట్టే జిగురు) రాసి, నట్టును మాన్యువల్ చెప్పిన టార్క్‌కే బిగించి, కవర్ మూసేముందు చేత్తో తిప్పి ఎక్కడా రాసుకోవట్లేదని చూడాలి.

అసలు డబ్బు పెట్టేముందు, బండికి మ్యాప్ స్విచ్ (ఇంజిన్ స్పందించే తీరు మార్చే స్విచ్) ఉంటే సాఫ్ట్‌లో పెట్టి, స్లో థ్రాటిల్ ట్యూబ్ (ఎక్కువ తిప్పితేగానీ రేజ్ పెరగని హ్యాండిల్ గొట్టం) వేసి ఒక రోజు నడపండి. టైరు జారడమే మీ బాధైతే చాలావరకు అక్కడే తీరిపోతుంది. ఇంజిన్ మాటిమాటికీ ఆగిపోతుంటేనే రింగు కొనండి.